గడ్డపారకు మతం లేదు!

*కరవు నేలకు సముద్రాలు దాటి యువత వచ్చారు. ఒకరి దేవుడు మరొకరికి తెలియదు. ఒకరి భాష మరొకరికి రాదు. అయినా బావులు తవ్వారు, వైద్యం చేశారు, పాఠాలు చెప్పారు. అనంతపురం వాళ్లను ఎలా నమ్మింది? వాళ్లకు ఏం నేర్పింది?*

అనంతపురం పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే రచ్చకట్ట దగ్గర ప్రశ్నలు తప్పవు. ‘యా ఊరు సామీ మీది?’ అన్నది మొదటిది. ‘ఏం పనిమీద వచ్చినారు?’ అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు చెప్పడం తేలికే. మూడో ప్రశ్న మాత్రం ఎవరూ పైకి అడగరు. చూపులతోనే అడుగుతారు... ‘ఇంత దూరం వచ్చి చేస్తున్నారంటే, మా నుంచి మీకేం కావాల?’

అర్ధశతాబ్దానికి పైగా ఈ మూడో ప్రశ్నను ఎదుర్కొన్న విదేశీయులు అనంతపురంలో ఎందరో. స్పెయిన్, బ్రిటన్ తదితర దేశాల నుంచి వచ్చిన డాక్టర్లు, నర్సులు, క్రీడా శిక్షకులు, చదువు అప్పుడే పూర్తి చేసుకున్న కుర్రాళ్లు... అందరూ ఆ చూపుల ముందు నిలబడాల్సిందే. కొందరు జవాబు చెప్పలేక వెనుదిరుగుతారు. మరికొందరు మాటతో కాక పనితో చెబుతారు. మతం, భాష, దేశం వేరైనవాళ్లు కలిసి సేవ చేయడం సాధ్యమేనా అని అడిగేవారికి ఈ జిల్లా చెప్పే సమాధానం చాలా పెద్దది.

మబ్బులు దాటిపోయే నేల

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో ఒకటిగా అనంతపురానికి పేరు. ఇందులో నేల తప్పేమీ లేదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే నీళ్లన్నీ కుమ్మరించుకుని, ఖాళీ మబ్బులుగా ఇటు వస్తాయి. ఈశాన్య రుతుపవనాలేమో తూర్పు తీరం తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. రెండు కాలాల మధ్యా దగా పడిన పీఠభూమి ఇది.

పడే ఆ కాస్త వాన కూడా సమయానికి పడదు. ఎర్రనేలలో వేసిన చెనిక్కాయ పూత దశలో నాలుగు వారాలు చినుకు లేకపోతే చాలు, ఏడాది కష్టం దుమ్ములో కలుస్తుంది. అప్పు మిగులుతుంది. బోరు వేస్తే మరో అప్పు. ఆ తర్వాత బెంగళూరు బస్సు. తాళం వేసిన ఇళ్లు, ముసలివాళ్లు మాత్రమే మిగిలిన వీధులు కరవు ఏళ్లలో ఇక్కడ మామూలే. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. కరవుకు మాత్రం ఆ సరిహద్దు తెలియదు.

ఇలాంటి చోటుకు 1969లో ఒక స్పెయిన్ దేశస్థుడు వచ్చాడు. అప్పటికే ఆయన్ని మనదేశం ఒకసారి పొమ్మంది!

పొమ్మన్న దేశానికే మళ్లీ...

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు. జెసూట్ క్రైస్తవ సంఘంలో చేరి, 1952లో ముంబయి చేరుకున్నారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల కష్టం చూశాక ఆయనకు ప్రసంగాల కన్నా బావులే ముఖ్యమనిపించాయి. బావి తవ్వుకునే రైతుకు తవ్వినన్నాళ్లూ గోధుమలు, నూనె ఇచ్చేవారు. నీళ్లు పడ్డాక ఆ రైతు తీర్చే అప్పు ఇంకొకరి బావికి పెట్టుబడి అయ్యేది. రైతులు ఆయన చుట్టూ చేరారు. అదే కొందరికి కంటగింపయింది. మతం మార్చడానికే ఇదంతా అన్న ప్రచారం మొదలైంది. చివరికి 1968లో దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వులు వచ్చాయి.

అప్పుడు జరిగింది ఎవరూ ఊహించనిది. ఆయన కోసం వేలాది రైతులు మన్మాడ్ నుంచి ముంబయి దాకా దాదాపు 250 కిలోమీటర్లు నడిచారు. ఆ నడిచినవాళ్లలో అత్యధికులు క్రైస్తవులు కారు. నాటి ప్రధాని ఇందిరాగాంధీ మధ్యేమార్గం చూపించారు. ఫెర్రర్ కొద్దికాలం సెలవు మీద విదేశానికి వెళ్తారు, ఆ తర్వాత మళ్లీ రావచ్చు అన్నది దాని సారాంశం.

మరుసటి ఏడాదే తిరిగి వచ్చిన ఆయనకు మహారాష్ట్రలో చోటు దొరకలేదు. ఎంచుకున్నది అనంతపురం. వెంట కొద్దిమంది యువకులు, వాళ్లతోపాటు ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక యువతి. పేరు అన్నే పెర్రీ. అప్పటికి ఆమెకు ఇరవై దాటి ఎంతోకాలం కాలేదు. ముంబయిలో పత్రికా విలేకరిగా ఫెర్రర్‌ను ఇంటర్వ్యూ చేయడానికి వెళ్లి, ఆ పని నచ్చి ఉద్యోగం మానేసింది. ఫెర్రర్ 1970లో జెసూట్ సంఘం నుంచి బయటకు వచ్చారు. ఆ ఏడాదే ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అద్దె ఇంట్లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్... అదే మన ఆర్డీటీ. వాళ్లు దిగిన ఇంటి గోడకు ఒకే ఒక్క అట్ట వేలాడుతుండేదట. ‘అద్భుతం కోసం ఎదురుచూడండి’ అని.

అద్భుతం ఆకాశం నుంచి ఊడిపడలేదు. తొలినాళ్లలో అనంతపురంలోనూ అనుమానపు చూపులు తప్పలేదు. అధికారులు, పెద్దమనుషులు అడిగింది అదే మూడో ప్రశ్న. జవాబు చెప్పడానికి ఆయన గుడీ కట్టలేదు, చర్చీ కట్టలేదు. బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఆస్పత్రులు కట్టారు. పని చూడటానికి ఊరికి ఏళ్లు పట్టింది. నమ్మాక మాత్రం ఇక వెనక్కి చూడలేదు. 2009 జూన్ 19న ఆయన కన్నుమూసినప్పుడు వేలాది జనం వచ్చి బత్తలపల్లిలో ఆయన్ని సాగనంపారు. తలపాగాలు, టోపీలు, శిలువలు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

శత్రువు ఊళ్లో మట్టి ఎత్తినవాళ్లు

పరాయి దేశానికి వెళ్లి చెమటోడ్చే యువజన శిబిరాల కథ ఇంకా పాతది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920లో, ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర ధ్వంసమైన ఎస్న్ అనే పల్లెకు కొద్దిమంది చేరుకున్నారు. వాళ్లను కూడగట్టింది స్విట్జర్లాండ్ ఇంజినీరు పియర్ సెరెసోల్. ఆ జట్టులో జర్మన్లూ ఉన్నారు. తమ సైన్యం కూల్చిన ఊరిని తమ చేతులతోనే నిలబెట్టాలన్నది వాళ్ల తపన. కూలిన రాళ్లు ఎత్తారు, గుడిసెలు వేశారు. కానీ జర్మన్లు అక్కడ ఉండటం స్థానిక అధికారులకు నచ్చలేదు. కొన్ని నెలలకే శిబిరం ఆగిపోయింది. అక్కడా అదే మూడో ప్రశ్న!

సెరెసోల్ నిరాశపడలేదు. ‘మాటలు కాదు, చేతలు’ అన్నదే ఆయన సంస్థ సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సూత్రం. 1934 జనవరిలో బీహార్‌ను భూకంపం కుదిపేసినప్పుడు ఆయన మనదేశం వచ్చారు. రాజేంద్రప్రసాద్ తదితరులు నడిపిన సహాయక చర్యలతో కలిసి, వరద ముంపు ఊళ్లను మెరక మీదికి తరలించే పనిలో చేరారు. ఐరోపా నుంచి వచ్చిన కొద్దిమంది క్రైస్తవులు, ఇక్కడి హిందూ, ముస్లిం పల్లెవాసులు ఒకే కట్ట మీద మట్టి తట్టలు అందించుకున్నారు. గడ్డపార పట్టుకున్న చేతిని నువ్వు ఏ దేవుడికి మొక్కుతావని అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఈ ఆలోచనకు మనకాలంలో కొత్త ఊపు తెచ్చినవారిలో ఎబూ పటేల్ ఒకరు. ముంబయిలో పుట్టి అమెరికాలో పెరిగిన ముస్లిం. షికాగో కేంద్రంగా 2002లో ‘ఇంటర్‌ఫెయిత్ యూత్ కోర్’ను స్థాపించారు. 2022లో దాని పేరు ‘ఇంటర్‌ఫెయిత్ అమెరికా’గా మారింది. ఆయన పద్ధతి చిత్రంగా ఉంటుంది. వేర్వేరు మతాల కుర్రాళ్లను కూర్చోబెట్టి దేవుడి మీద చర్చ పెట్టరు. ముందు కలిసి ఒక పని చేయిస్తారు. ఆ తర్వాత ‘సేవ గురించి మీ ఇంట్లో మీకేం నేర్పారు?’ అని అడుగుతారు. ఒకరు జకాత్ గురించి చెబుతారు. ఇంకొకరు దానధర్మాలంటారు. వేరొకరు క్రీస్తు చెప్పిన మంచి సమరయుడి కథ ఎత్తుకుంటారు. ఎవరూ తమ మతాన్ని దాచుకోనక్కర్లేదు, ఎదుటివాళ్ల మీద రుద్దనక్కర్లేదు.

మన ఊరికి కొత్త కాదు

షికాగోలో అది కొత్త పద్ధతి కావచ్చు. అనంతపురానికి కాదు. నార్పల మండలం గూగూడులో మొహర్రం వస్తే కుళ్లాయిస్వామి పీర్లకు మొక్కేందుకు హిందువులూ, ముస్లింలూ వేలల్లో తరలివస్తారు. అగ్నిగుండం చుట్టూ నిలబడ్డ జనంలో ఎవరు ఏ మతమో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ జిల్లాలో కుళ్లాయప్ప, ఫక్కీరప్ప అనే పేర్లున్న హిందువులు ఊరూరా ఉంటారు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు వెళ్లేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. కదిరి నరసింహస్వామి ఉత్సవాల్లో ముస్లింలూ కనిపిస్తారు.

అంటే, బయటి నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇక్కడివాళ్లకు మతసామరస్యం నేర్పనక్కర్లేదు. ఆ పాఠం వాళ్లే తిరిగి తీసుకెళ్లాలి. ‘చర్చికి వెళ్లే అమ్మాయి మా పిల్లకు కట్టు కట్టింది’ అని ఊరు ఆశ్చర్యపోదు. వర్షం కోసం గుడికీ, దర్గాకూ కలిసి మొక్కే ఊరికి అదేం వింత? ఊరి భయమల్లా ఒక్కటే... ఆ కట్టుకు బదులు ఇంకేదైనా అడుగుతారేమోనని. ఏమీ అడగరని తేలిన రోజున ఇంట్లోకి పిలిచి సంగటి ముద్ద పెడతారు.

పుట్టపర్తిది మరో దారి. సత్యసాయిబాబా భక్తులు పలు దేశాల నుంచి, పలు మతాల నుంచి వచ్చినవాళ్లు. 1991 నవంబరులో ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో వాళ్లలో ఎందరో స్వచ్ఛందంగా పనిచేశారు. 1994లో ప్రకటించి, తర్వాతి రెండేళ్లలో చేపట్టిన తాగునీటి పథకం జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామాలకు నీళ్లు తెచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ ఇంకో రకం. 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైంది. నేలను బతికించడం ఎలాగో చూసి నేర్చుకోవాలనుకునే యువతకు అదొక బడి. ఒకటి విదేశీ సంకల్పంతో, ఒకటి భక్తితో, ఒకటి పర్యావరణ స్పృహతో పుట్టినవి. మూడింటినీ నిలబెట్టింది మాత్రం ఊళ్లలోని మనుషులే.

ఇటుకలు మోయడానికి రానక్కర్లేదు

విదేశాల నుంచి సేవకు వచ్చే కుర్రాళ్లు అనగానే మనకో బొమ్మ కనిపిస్తుంది. తలకు రుమాలు చుట్టుకుని, ఇటుకలు అందిస్తూ, పిల్లలతో ఫొటోలు దిగుతూ... సెరెసోల్ కాలంలో చేతులు కరవు. ఇప్పుడు అనంతపురంలో కరవు చేతులకు కాదు. ఇటుకలు పేర్చే మేస్త్రీలు, తట్టలు మోసే కూలీలు ఊరూరా ఉన్నారు. వాళ్లకు కావలసింది పని. ఆ పనిని ఒక విదేశీ విద్యార్థి రెండు వారాల సెలవుల్లో ఉచితంగా చేసిపెడితే, ఒక కూలి పోగొట్టినట్టే కదా!

ఆర్డీటీ కట్టించిన ఇళ్ల సంగతే తీసుకుందాం. డబ్బులో పెద్ద భాగం స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాల నుంచి వచ్చింది. కట్టింది ఇక్కడి మేస్త్రీలు. ఇంటి పట్టా మాత్రం ఇల్లాలి పేరు మీదే. భర్త తాగి అప్పులు చేసినా ఇల్లు పోకూడదన్న ఆలోచన అది. ఇందులో విదేశీ వలంటీరు మోయాల్సిన ఇటుక ఒక్కటీ లేదు.

మరి వాళ్ల అవసరం ఎక్కడ? బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆస్పత్రులలో. ఇక్కడ దొరకని నైపుణ్యం ఉన్న డాక్టరు కొంతకాలం ఉండి స్థానిక వైద్యులకు నేర్పితే, ఆయన వెళ్లిపోయాక కూడా ఆ చికిత్స ఆగదు. వికలాంగ పిల్లలకు ఫిజియోథెరపీ చేసే పద్ధతి ఒక తల్లికి నేర్పితే, అది ఆ ఇంట్లో రోజూ జరుగుతుంది. క్రీడా మైదానాల్లోనూ అంతే. టెన్నిస్ దిగ్గజం రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అనంతపురంలో టెన్నిస్ బడి తెరిచింది. ప్రారంభానికి ఆయనే స్వయంగా వచ్చారు. కూలీల పిల్లలు రాకెట్ పట్టారు. దాంతోపాటు ఆటకు వచ్చే పిల్లలకు ఇంగ్లిషు, కంప్యూటరు పాఠాలూ అందాయి.

సెలవుల సేవతో చిక్కులు

ప్రపంచవ్యాప్తంగా యువత విదేశీ సేవాయాత్రల మీద ఇప్పుడు గట్టి విమర్శలే ఉన్నాయి. సేవ పేరుతో పర్యాటకం చేస్తున్నారన్నది మొదటిది. రెండు వారాలు అనాథ పిల్లలతో ఆడి, ముద్దు చేసి, విమానం ఎక్కేస్తే... ఆ పసివాళ్లు మళ్లీ మళ్లీ ఒంటరి అవుతారు. కొన్ని దేశాల్లో అలాంటి యాత్రికుల కోసమే తల్లిదండ్రులున్న పిల్లలను కూడా అనాథాశ్రమాల్లో ఉంచిన ఉదంతాలు బయటపడ్డాయి. ఇక పని తెలియని చేతులు కట్టిన గోడను మేస్త్రీ వచ్చి మళ్లీ కట్టాల్సిరావడం మామూలు ముచ్చట.

మతం కలిసినప్పుడు చిక్కు మరింత పెద్దది. పేదవాడికి అన్నం పెట్టి, ఆనక ప్రార్థనకు రమ్మంటే అది సేవ కాదు, బేరం. ‘మా మతం గొప్పది’ అని నోటితో అనకపోయినా, పేదరికాన్ని చూసి జాలిపడే చూపులోనే ఆ మాట వినబడుతుంది. ఆకలిగొన్నవాడు దాన్ని ముందుగా పసిగడతాడు. అందుకే వేర్వేరు మతాల యువత కలిసి రావడంలో ఒక మేలుంది. జట్టులో హిందువు, ముస్లిం, క్రైస్తవుడు ముగ్గురూ ఉంటే ఏ ఒక్కరూ తమ మతాన్ని అమ్ముకోలేరు. పక్కవాడే కాపలా! ‘వీళ్లలో వీళ్లకే మతం ఒకటి కాదు, ఇక మనల్ని మార్చేదేముంది?’ అని ఊరికీ ధీమా కలుగుతుంది.

మన పిల్లలు వెళ్లేటప్పుడు

ఇప్పుడు మన ఇళ్ల నుంచీ పిల్లలు విదేశాలకు సేవాశిబిరాలకు వెళ్తున్నారు. అమెరికా, బ్రిటన్‌లలో చదివే తెలుగు విద్యార్థులు కాలేజీ జట్లతో ఆఫ్రికాకో, లాటిన్ అమెరికాకో ప్రయాణమవుతున్నారు. అక్కడి పల్లెల్లో వాళ్లకు ఎదురయ్యేదీ అదే మూడో ప్రశ్న. బయల్దేరే ముందు అమ్మానాన్నలు, పిల్లలు కలిసి కూర్చుని ఈ విషయాలు తేల్చుకోవడం మంచిది.

• ఈ పని కావాలని అడిగింది ఎవరు? ఆ ఊరా, పంపే సంస్థా? ఊరు అడగనిది ఎంత మంచిదైనా వారి మీద రుద్దినట్టే.

• మన చేతికి వచ్చిన పని ఏమిటి? అక్కడ కూలికి దొరికే పనినే మనం ఉచితంగా చేయబోతున్నామా?

• కట్టిన రుసుములో ఊరికి చేరేదెంత? ప్రయాణాలు, బస, ప్రచారం పేరిట పోయేదెంత? లెక్క చూపించని సంస్థకు దూరంగా ఉండటమే మేలు.

• మనం తిరిగొచ్చాక ఆ పని ఎవరు కొనసాగిస్తారు? స్థానికుడి పేరు చెప్పలేకపోతే ఆ పని అక్కడితో ఆగినట్టే.

• జట్టులోని ఇతర మతాలవారి తిండి, ప్రార్థన, పండగల సంగతి ముందే మాట్లాడుకున్నారా? శాకాహారి, రోజా ఉండేవారు, ఆదివారం ప్రార్థన చేసుకునేవారు ఒకే శిబిరంలో ఉంటే వంటగదిలోనే సగం సామరస్యం తేలిపోతుంది.

• పిల్లల ఫొటోలు తీసి అందరికీ చూపించే ముందు ‘మన ఇంటి పిల్లవాడిని ఇలా చూపిస్తే ఒప్పుకుంటామా?’ అని ఒక్కసారి ఆలోచించాలి.

• వీసా సరైనదేనా? పర్యాటక వీసా మీద సేవాకార్యక్రమాలకు చాలా దేశాలు ఒప్పుకోవు.

హుండీ నిండింది

అనంతపురం కథలో అసలు మలుపు విదేశీయుల రాకలో లేదు. ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. ఒకప్పుడు స్పెయిన్ నుంచి వచ్చినవారికి దుబాసీలు కావాల్సి వచ్చేది. క్రమంగా పల్లెల పిల్లలే ఆ భాష పట్టారు. ఆర్డీటీ విదేశీ భాషల బడిలో స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్ నేర్చుకుని పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు సంపాదించిన కూలీల బిడ్డలున్నారు. తమను చదివించిన దాత కుటుంబం బార్సిలోనా నుంచి చూడటానికి వస్తే, ఆ ఇంటివాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడగలిగే పిల్లలు ఈ కరవు సీమలో తయారయ్యారు.

అన్నిటికంటే గొప్పది ఇంకొకటి ఉంది. ‘భారతదేశం కోసం భారతదేశం’ అంటూ ఆర్డీటీ ఊళ్లలో హుండీలు ఇచ్చింది. ఒకప్పుడు సాయం అందుకున్న ఇళ్లే వాటిని గూట్లో పెట్టుకున్నాయి. కూలి డబ్బులోంచి రూపాయి, రెండు రూపాయలు అందులో పడ్డాయి. ఎక్కడో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం, తమకంటే కష్టంలో ఉన్నవాళ్ల కోసం. ఆ పిల్లలది ఏ మతమో హుండీలో రూపాయి వేసిన అవ్వ అడగలేదు.

విదేశాల నుంచి వచ్చిన యువత ఈ నేలకు ఇవ్వగలిగిన పెద్ద కానుక బావీ కాదు, భవనమూ కాదు... ఇచ్చే చెయ్యి ఎవరిదైనా కావచ్చన్న నమ్మకం. వానకోసం ఆకాశం వంక చూసే ఊరు కూడా ఇంకొకరికి నీళ్లు పోయగలదు. మూడో ప్రశ్నకు ఇంతకంటే నిజమైన జవాబు ఉండదు.